మడ్డితో నడిచే ఓడలు

రోలుగుంటలో సముద్రం కనబడదు. కొండలు, చెరకు తోటలు, ఎర్రమట్టి దారులు. అయినా మొన్న పండక్కి వెళితే అరుగు మీద కబుర్లన్నీ ఓడల గురించే. మా పెద్దమ్మ మనవడు ఓడలో ఇంజిన్ రూమ్‌లో పనిచేస్తాడు. తొమ్మిది నెలల తరవాత సెలవు మీద ఇల్లు చేరాడు.

"వారం కిందట రావాల్సినోడివి, ఇంతాలిస్యం ఏటిరా?" అంది పెద్దమ్మ.

"నూనె మిగల్చాలని ఓడని నెమ్మదిగా నడిపేరే నాన్నమ్మా."

ఆవిడ నమ్మలేదు. నిజానికి వాడు చెప్పింది అచ్చమైన లెక్క. ఓడ వేగం 10 శాతం తగ్గిస్తే ఇంజిన్ మీద భారం నాలుగో వంతుకు పైగా తగ్గిపోతుంది. ప్రయాణం ఎక్కువసేపు పడుతుంది కాబట్టి ఆ మిగులంతా చేతికి రాదు. అయినా అదే దూరానికి సుమారు 19 శాతం నూనె ఆదా. ఇంత సులువైన ఉపాయం ఎందుకు వాడరంటారా? రాత్రిపూట విశాఖ బీచ్‌లో కూర్చుని చూడండి. దూరంగా వరసగా దీపాలు. అవి రేవులో చోటు కోసం లంగరు వేసుకుని ఎదురుచూసే ఓడలు. ముందొచ్చినవాడికి ముందు చోటు, పైగా "త్వరగా చేర్చాలి" అని ఒప్పందంలో షరతు. అందుకని పరుగెత్తుకొచ్చి పడిగాపులు కాస్తాయి. మన ఆర్టీసీ కాంప్లెక్స్ బయట బస్సుల్లా!

ఇక ఆ నూనె సంగతి. రిఫైనరీలో పెట్రోలు, కిరోసిన్, డీజిల్ తీసేశాక అడుగున మిగిలే మడ్డే చాలా ఓడలకు ఆహారం. చల్లారితే తారులా గడ్డకడుతుంది, వేడిచేస్తే గానీ ఇంజిన్‌లోకి వెళ్లదు. ఒక టన్ను మడ్డి కాలిస్తే 3 టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు వస్తుంది. టన్నుకి మూడు టన్నులేమిటని నేనూ తెల్లబోయాను. మిగతా బరువు గాలిలోంచి కలిసే ఆక్సిజన్‌ది. 2020 జనవరి 1 నుంచి ఓడ నూనెలో గంధకాన్ని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి కుదించారు. రేవు పక్కన బతికేవాళ్ల ఊపిరితిత్తులకు అది మేలే. కర్బనం మాత్రం అలాగే ఉంది.

ఓడల మీద అకారణంగా నింద వేయకూడదు. టన్ను సరుకుని కిలోమీటరు దూరం మోయడానికి లారీకయ్యే నూనెలో ఓడకి అయ్యేది చిన్న భాగమే. కానీ మోసేది కొండంత. 2018లో ఓడలన్నీ కలిసి వదిలింది 107 కోట్ల టన్నుల పైచిలుకు, ప్రపంచం మొత్తంలో దాదాపు 3 శాతం. ఇది ఎవరి ఖాతా? యజమానిది ఒక దేశం, జెండా పనామాదో లైబీరియాదో, సరుకు ఇంకొకరిది, ఇంజిన్ దగ్గర కుర్రాడు రోలుగుంటవాడు. ఎటూ తేలక 1997 క్యోటో ఒప్పందంలో ఆ పనిని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ, అంటే ఐఎంఓ చేతిలో పెట్టారు. 2050 నాటికి, లేదా ఆ చుట్టుపక్కల, నికర సున్నాకి తేవాలని ఆ సంస్థ తీర్మానించేసరికి 2023 వచ్చింది!

మడ్డికి బదులేమిటి? గ్రీన్ మిథనాల్, అమ్మోనియా అంటున్నారు. ఇక్కడే కథ మన గుమ్మంలోకొచ్చింది. 2022లో విశాఖ నుంచి విడిపోయిన అనకాపల్లి జిల్లాలోనే ఇటు రోలుగుంటా ఉంది, అటు పూడిమడకా ఉంది. పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్, దాంతో మిథనాల్ వగైరా 7,500 టన్నులు లక్ష్యం. బాగుంది. మరి మడ్డి కన్నా ఖరీదైన ఈ ఇంధనాన్ని ఏ ఓడ యజమాని కొంటాడు, కొనక తప్పదన్న నిబంధన ఉంటే తప్ప?

అలాంటి నిబంధనే ఒకటి 2025 ఏప్రిల్‌లో ఐఎంఓలో ఆమోదం పొందింది. పెద్ద ఓడలు హద్దు దాటితే టన్నుకి 100 డాలర్లు, మరీ దాటితే 380 కట్టాలి. తీరా అక్టోబరులో లండన్‌లో ఖరారు చేయబోతే అమెరికా, సౌదీ అరేబియా అడ్డుతిరిగాయి. 57-49 ఓట్లతో ఏడాది వాయిదా. వాయిదా వేసినవాళ్లకి పూడిమడక ఎక్కడుందో తెలియకపోవచ్చు. దెబ్బ మాత్రం అక్కడా తగులుతుంది.

ఇదంతా చెబితే మావాడు ఊరికే విన్నాడు. "అమ్మోనియా లీకయితే ఇంజిన్ రూమ్‌లో ఉండేది మేమే బాబాయ్. దానికి వేరే ట్రైనింగ్ ఉందిట" అన్నాడు.

పెద్దమ్మ జంతికలు డబ్బాకెత్తుతోంది. వాడు ఎక్కబోయే ఓడ ఏ నూనెతో నడుస్తుందో కంపెనీ ఇంకా చెప్పలేదుట.