తవ్వాకే తెలిస్తే ఏం లాభం?

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసేనాటికే, ఆ జలాశయంలో మునగబోయే నాగార్జునకొండ లోయలో పురావస్తు తవ్వకాలు సాగుతున్నాయి. 1954 నుంచి 1960 దాకా ఆర్.సుబ్రహ్మణ్యం సారథ్యంలో జరిగిన ఆ కృషి వల్లే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి గురించి ఇంత తెలిసింది. ముఖ్య కట్టడాలు కొన్ని కొండ మీద, మరికొన్ని అనుపు దగ్గర మళ్లీ లేచాయి. తిండిగింజలకే కటకటలాడిన రోజుల్లో దేశం అంత ముందుచూపు చూపింది. నేటి లేఅవుట్లకు, రింగురోడ్లకు, గ్రానైట్ క్వారీలకు ఆపాటి జాగ్రత్త ఎందుకు వర్తించదు?

లోపం చట్టంలోనే ఉంది. 1958 నాటి కేంద్ర చట్టం, దానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో రెండొందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. నోటిఫై కాని చోటుకు ఆ రక్షణ లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద నింపే దరఖాస్తు కూడా, ప్రధానంగా ఇప్పటికే చట్టపరమైన రక్షణ ఉన్న సాంస్కృతిక ప్రాంతాల గురించే అడుగుతుంది. మన గతంలో అధిక భాగం ఏ జాబితాకూ ఎక్కలేదు. పాటిదిబ్బలు, జనం రాకాసి గుళ్లని పిలుచుకునే బృహత్ శిలా సమాధులు, పొలం గట్ల మీది శాసనాలు ఎన్నో ఇంకా లెక్కలోకే రాలేదు. జేసీబీకి అవి ఒక్క పూట పని.

జాబితాలో లేని నేల ఏం దాచుకుంటుందో విశాఖ దగ్గరి తొట్లకొండ చెబుతుంది. నౌకాదళ స్థావరం కోసం సర్వే చేస్తుండగా ఆ బౌద్ధారామం బయటపడింది. సర్వే జరిగింది గనుక అది దక్కింది.

అనుమతికి ముందే పురావస్తు పరిశీలన తప్పనిసరి చేస్తే పనులు ఆగిపోతాయన్నది బిల్డర్ల భయం. నిజానికి జాప్యం తెచ్చేది ఆలస్యంగా తెలియడమే. పునాదులు తీశాక అవశేషాలు బయటపడితే పని ఆగుతుంది, కేసులు పడతాయి. ముందే తెలిస్తే రోడ్డును కాస్త పక్కకు జరపొచ్చు, ఆ స్థలాన్ని పార్కుగా వదలొచ్చు, తప్పదంటే శాస్త్రీయంగా తవ్వి నమోదు చేయొచ్చు. ఇంగ్లండ్‌లో 1990 నుంచి ప్రణాళికా అనుమతుల్లోనే ఈ పరిశీలనను ఇమిడ్చారు. ఖర్చు నిర్మాణదారే భరిస్తాడు. అక్కడ నిర్మాణాలు ఆగిపోలేదు.

రెండు తెలుగు రాష్ట్రాలూ వెంటనే చట్టం తేవాలి. నిర్ణీత విస్తీర్ణం దాటిన లేఅవుట్‌కు, ప్రతి క్వారీ లీజుకు, ప్రతి కొత్త రహదారికి, ప్రాజెక్టుకు పురావస్తు పరిశీలన నివేదిక లేకుండా అనుమతి ఇవ్వకూడదు. ఖర్చు నిర్మాణదారుదే. అయితే ఆ సొమ్ము ప్రభుత్వ నిధికి చేరాలి, నిపుణులను పురావస్తు శాఖే ఎంపిక చేయాలి. జీతమిచ్చేవాడే నివేదిక రాయించుకుంటే దానికి విలువుండదు. గ్రామాలవారీగా చారిత్రక స్థలాలను గుర్తించి సర్వే నంబర్లతో సహా భూ రికార్డులకు ఎక్కించాలి. అప్పుడు కొనేవాడికీ ముందే తెలుస్తుంది. శాఖలో ఖాళీలు నింపి, పరిశీలనకు గడువు పెట్టాలి.

నివేదిక ప్రచురణకూ గడువుండాలి. నాగార్జునకొండ తవ్వకాల తొలి సంపుటం 1975లో, చారిత్రక దశ వివరాలున్న రెండో సంపుటం 2006లో వెలువడ్డాయి. అంత ఆలస్యం మళ్లీ జరగకూడదు.

పగిలిన శిలాఫలకాన్ని ఏ నష్టపరిహారమూ అతికించలేదు. అనుమతి పత్రం మీద సంతకం పడే ముందే ఆ నేల చరిత్ర తెలియాలి. అది నిర్మాణదారుల దయకు వదిలేసే విషయం కాదు, ప్రభుత్వాల బాధ్యత.