నిరీక్షణ

మార్గశిరము వచ్చినది. తోట్లవల్లూరు చుట్టుపట్ల కృష్ణ లంకలలో పసుపు ఇంకను నేలలోనే ఉన్నది. వానకారు తొలిదినములలో నాటిన పైరు సంక్రాంతి దాటినగాని త్రవ్వకమునకు రాదు. తొందరపడి త్రవ్వినచో దుంప చేతికి వచ్చును గాని, ఎండబెట్టగానే ముడుచుకొనిపోవును. ఈ సంగతి ఇచ్చటి రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ దినములలోనే క్రైస్తవ సంఘములు ఆగమన కాలమును పాటించును. క్రిస్మసుకు ముందు వచ్చు నాలుగు ఆదివారములు దీనికి గుర్తులు. అనేక ఆలయములలో వారమునకొక క్రొవ్వొత్తి చొప్పున వెలిగింతురు. మొదటినాడే నాలుగింటిని వెలిగించుటకు అడ్డమేమియు లేదు; అయినను వెలిగింపరు. ఆ ఆచారమునకు అర్థము అందే ఉన్నది.

తెలుగు బోధించు నాబోటివానికి ఇచ్చట ఒక విశేషము కన్పట్టును. మన వాడుకలో నిరీక్షణ యనగా ఎదురుచూపు. తెలుగు బైబిలులో విశ్వాసమునకును ప్రేమకును నడుమ నిలిచిన మాటయు నిరీక్షణయే. అచ్చట దానికి ఆశ యని అర్థము. ఈక్షణ మనగా చూపు. ఆశించుట యనగా కోరుట మాత్రమే కాదు, దారి చూచుచు నిలుచుట యని ఈ ఒక్క మాట చెప్పకయే చెప్పుచున్నది.

ఇటీవల మన పల్లెలలోను పట్టణములలోను ‘సెమీ క్రిస్మస్’ అను వేడుక వ్యాపించినది. పండుగకు వారముల ముందే కేకులు కోయుదురు, పాటలు పాడుదురు. నలుగురు కలిసి సంతోషించుటను నేను తప్పుపట్టను. కాని అసలు దినము వచ్చునప్పటికి పాట పాతబడును, దీపము వెలవెలబోవును. ఆకలి లేనివానికి విందు రుచించునా? ధనుర్మాసపు మర్యాద మన ఇల్లాండ్రకు తెలిసినదే. ముగ్గు నెల్లాళ్లు, పండుగ మూడు నాళ్లు.

ఓపిక ఫలించిన కథ మనకు దూరమున లేదు. వేర్వేరు మిషనుల సంఘములను ఏకము చేయవలెనను సంకల్పము 1919లో తరంగంబాడిలో రూపుదాల్చినది. దోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్యగారు అందు ముఖ్యులు. బిషప్పుల అధికారము మొదలగు విషయములపై చర్చలు ఏండ్ల తరబడి సాగినవి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. బందరు ప్రాంతపు ఆంగ్లికన్ సంఘములును అందు చేరినవి. ఇరువది యెనిమిది సంవత్సరముల కృషి అది. అజరయ్యగారు 1945 జనవరి 1ననే కన్నుమూసిరి. తాము చూడని దినము కొరకు తుదివరకు పనిచేసిరి.

అయితే ఓపిక పట్టుమని ఇతరులకు చెప్పుట బలవంతులకు మిక్కిలి సులభము. 1832-33లో నందన కరువు ఈ సీమలను పీల్చి పిప్పిచేసినది. బెజవాడ ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసినది. నడుమ గడచిన రెండు దశాబ్దములను ప్రజల సహనమని కీర్తింపవచ్చునా? అది పాలకుల ఉపేక్ష. తన కోరికను తాను ఆపుకొనుట ఓపిక. ఎదుటివాని అన్నమును ఆపుట జాప్యము. ఈ రెంటికిని ఒకే పేరు పెట్టరాదు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినది. వేలకొలది జనులు అసువులు బాసిరి. ఆ ఏట ఆగమన కాలపు మొదటి ఆదివారము సరిగా ఎనిమిది దినములకు వచ్చినది. అట్టిచోట ఎదురుచూచుట యనగా చేతులు కట్టుకొని కూర్చుండుట కాదు. చనిపోయినవారిని సాగనంపవలెను, మిగిలినవారికి గూడు కట్టవలెను, పాడైన చేనిని మరల సాగులోనికి తేవలెను. చూపు ముందునకు ఉండగా చేయి పనిలో ఉండుటయే నిరీక్షణ.

కనుక వేడుకను దాని దినమునకు విడువుడని సంఘ పెద్దలకు నా మనవి. ఆ నాలుగు వారములలో ఒంటరి ముసలివారి గడప త్రొక్కవచ్చును. మాటలు లేని అన్నదమ్ములను కలుపవచ్చును. వేడుకకు తీసిన సొమ్ముతో ఒక పేద పిల్లవాని చదువు నిలుపవచ్చును. ఇట్లు గడపినవానికి పండుగ ఆలస్యముగా వచ్చినట్లు తోచదు, నిండుగా వచ్చినట్లు తోచును.