తప్పు చెప్పుకోనిచ్చే పెద్దరికం

మన కార్యాలయాలలోను, కర్మాగారాలలోను పొరపాటు జరిగిన మరుక్షణం వినిపించే మొదటి ప్రశ్న "ఎవరు చేశారు?" అన్నది. "ఎలా జరిగింది?" అన్న ప్రశ్న చాలాచోట్ల ఆ తరువాత కూడా రాదు. మెమో వెళుతుంది, సంజాయిషీ వస్తుంది. ఇంక్రిమెంటు ఆగుతుంది, లేదా బదిలీ ఉత్తర్వు చేతికి అందుతుంది. పై అధికారి తన విధి నెరవేర్చినట్లు తృప్తి పడతాడు. అయితే ఆనాటి నుండి ఆ విభాగంలో ఒక మార్పు నిశ్శబ్దంగా ప్రవేశిస్తుంది. పొరపాట్లు తగ్గవు, వాటిని గురించి చెప్పేవారు తగ్గుతారు.

కాగితం మీద ఈ రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. అందువల్లనే ఎందరో సమర్థులైన అధికారులు కూడా మోసపోతారు. 1990ల ఆరంభంలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికాలోని ఆసుపత్రులలో రోగులకు మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి నాయకత్వం కింద, కలిసికట్టుగా పనిచేసే నర్సుల బృందాలలో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె ఊహ. తీరా లెక్కలు చూస్తే అటువంటి బృందాలలోనే ఎక్కువ పొరపాట్లు నమోదై ఉన్నాయి! ఈ అంకెలేవీ తెలియని మరొకరిని ఆ వార్డులకు పంపి, అక్కడి వాతావరణాన్ని గమనింపజేసిన మీదట రహస్యం బోధపడింది. మంచి బృందాలు ఎక్కువ తప్పులు చేయడం లేదు. చేసిన తప్పును దాచకుండా చెప్పుకొంటున్నాయి. కఠినురాలైన అధికారిణి ఉన్న వార్డులో రికార్డు శుభ్రంగా ఉన్నదంటే, అక్కడి రోగి క్షేమంగా ఉన్నాడని అర్థం కాదు.

ఈ సత్యాన్ని విమానయాన రంగం మరింత పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకొన్నది. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ సమీపంలో దిగబోతున్న ఒక విమానం కొండను ఢీకొని, అందులోని 92 మందీ మరణించారు. అంతకు కొద్ది వారాల ముందే మరొక సంస్థ విమానం అదే చోట, అదే విధమైన అపార్థం వల్ల కిందికి దిగి, వెంట్రుకవాసిలో తప్పించుకొన్నది. ఆ సంస్థ తన పైలట్లను హెచ్చరించింది. ఇతర సంస్థలవారికి ఆ సంగతి చేరే మార్గమే లేకపోయింది.

అటువంటి అనుభవాలను తమకు తెలియజేయవలసిందని 1975లో అమెరికా విమానయాన నియంత్రణ శాఖ పైలట్లను కోరింది. కాని లైసెన్సులు రద్దుచేసే అధికారం కూడా ఆ శాఖదే. శిక్షించే చేతికే తన తప్పు రాసి ఇవ్వడానికి ఎవరు సాహసిస్తారు? అందుచేత 1976లో ఆ నివేదికలను స్వీకరించే బాధ్యతను, ఎవరినీ దండించే అధికారం లేని అంతరిక్ష సంస్థ 'నాసా'కు అప్పగించారు. నివేదికలలోని పేర్లు తొలగిస్తారు. తెలియక నియమం ఉల్లంఘించినవారు 10 దినాలలోగా రాసి పంపితే జరిమానా, లైసెన్సు తాత్కాలిక నిలిపివేత వంటి శిక్షల నుండి రక్షణ లభిస్తుంది. బుద్ధిపూర్వకంగా చేసిన పనికి, నేరానికి ఆ రక్షణ లేదు. అది మొదలు లక్షల సంఖ్యలో నివేదికలు వచ్చాయి. దండన ప్రసక్తి తొలగగానే నోళ్లు విప్పుకొన్నాయి.

"శిక్ష లేనిచోట క్రమశిక్షణ ఎక్కడిది?" అని కొందరు ప్రశ్నించవచ్చు. దీనికి సమాధానం మన శ్రీహరికోటలోనే ఉన్నది. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి–3 రాకెట్టు నింగికి ఎగసిన కొద్ది నిమిషాలకే బంగాళాఖాతంలో కూలిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. కంప్యూటరు హెచ్చరించినా ముందుకు సాగాలన్న నిర్ణయం తనదేనని తరువాతి కాలంలో ఆయనే సభాముఖంగా చెప్పేవారు. ఆనాడు ఇస్రో అధ్యక్షులైన సతీశ్ ధావన్ విలేకరుల ఎదుట కూర్చుండి, వైఫల్యానికి బాధ్యత తానే వహించి, తన బృందంపై పూర్తి విశ్వాసం ప్రకటించారు.

అంతటితో ఆయన ఊరకుండలేదు. నిశితమైన విచారణ జరిగింది. రెండవ దశను అదుపుచేసే వ్యవస్థలో నైట్రిక్ ఆమ్లం కారిపోయిందని తేలింది, లోపం సవరింపబడింది. 1980 జూలై 18న అదే తరహా రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఆనాడు విలేకరుల ముందుకు వెళ్లవలసిందిగా ధావన్ కలాంనే ఆదేశించారు. అపజయంలో ముందు నిలిచినవారు విజయంలో పక్కకు తప్పుకొన్నారు. ఆ కేంద్రానికి 2002లో వారి పేరే పెట్టారు.

కనుక సహానుభూతి అంటే తప్పును చూచీ చూడనట్లు వదలివేయడం కాదు. ఎదుటివాని స్థానంలో నిలిచి, ఆ క్షణాన అతనికి ఏమి కనిపించిందో, ఏమి కనిపించలేదో తెలుసుకొనడం. వరుసగా రెండు షిఫ్టులు చేసి అలసినాడా? చేతికిచ్చిన పనిముట్టు సరియైనదేనా? చెప్పిన మాట స్పష్టంగా ఉన్నదా? ఈ ప్రశ్నలు వేసుకొన్న అధికారికి తన ఏర్పాట్లలోని లోపం కూడా కొంత కనబడక తప్పదు. బహుశా అందుకే ఈ మార్గం కష్టమైనది. మెమో రాయడం సులువు. బుద్ధిపూర్వకమైన ద్రోహానికి, మోసానికి దండన ఉండవలసినదే. పొరపాటుకు కూడా అదే కర్రను ఎత్తితే మిగిలేది మౌనం.

రేపు మీ బల్ల ముందుకు ఒక ఉద్యోగి తల వంచుకొని వచ్చి, "అయ్యా, నా వల్ల పొరపాటు జరిగింది" అనవచ్చు. రాత్రంతా నిద్రలేక, చెప్పాలా వద్దా అని మథనపడి వచ్చి ఉంటాడు. గది బయట పదిమంది చెవులు ఆనించి ఉంటారు. మీరు పలికే మొదటి మాటను బట్టి, ఎల్లుండి రెండవవాడు వచ్చేదీ రానిదీ తేలిపోతుంది.