పెరటి తోట: కోసినకొద్దీ చిగురించే ఆకుకూర

మొదటిసారి తోటకూర వేసినప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని చెబితే నవ్వుతారు. పొట్లంలోని గింజలన్నీ ఒక్కరోజే చల్లేశాను. నెల తిరిగేసరికి మడి నిండా కూరే! పప్పులో తోటకూర, పులుసులో తోటకూర, వేపుడూ తోటకూరే. మావారు కంచం ముందు కూర్చోవడానికే జంకారు. ఇరుగుపొరుగులకు పంచినా తరగలేదు. మిగిలిందంతా ముదిరి పీచు తేలింది. పళ్లు లేని మా అత్తగారు నమల్లేక పక్కన పెడుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఆవిడ ఇష్టంగా తినేదే ఆకుకూరలు మరి! ఆ తర్వాత నెలంతా మళ్లీ బజారు కూరే గతి.

ఇప్పుడు మడిని మూడు భాగాలు చేసి, పదేసి రోజుల తేడాతో చల్లుతున్నాను. తోటకూర గింజ ఆవగింజకన్నా సన్నం. అందుకని గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లి, పైన పలచగా మట్టి కప్పాలి. కాస్త బియ్యపు నూక కూడా కలపండి. చీమలు నూకను మోసుకుపోయే పనిలో ఉంటే మన గింజలు మొలకెత్తుతాయి! నీళ్లు చెంబుతో గుమ్మరిస్తే గింజలన్నీ ఓ మూలకు చేరతాయి, చేత్తో చిలకరించాలి.

అసలు కిటుకంతా కోతలో ఉంది. మూడు వారాలకు ఒత్తుగా ఉన్నచోట మొక్కల్ని వేళ్లతో సహా పీకి వండేయండి. మిగతావి జానెడు దాటాక, నేలకు నాలుగు వేళ్ల ఎత్తున కోయండి. కణుపుల దగ్గర మళ్లీ చిగుళ్లు వస్తాయి, అవీ లేతగానే ఉంటాయి. పూత కనిపించేదాకా మాత్రం ఆగొద్దు. పాలకూరకైతే చుట్టూ ఉన్న ఆకులు తుంచి నడిమి మొవ్వు వదిలేయాలి. గోంగూర కొసలు తుంచితే పక్కకొమ్మలతో గుబురుగా పెరుగుతుంది. మెంతికూర సంగతి వేరు. దాన్ని పీకేసి, పోపుల డబ్బాలోంచి మరో గుప్పెడు మెంతులు చల్లుకోవడమే సులువు.

ఆకులకు చిల్లులు పడ్డాయని పురుగుమందు కొట్టేరు సుమా! మనం తినేది ఆ ఆకునే కదా. పొద్దున్నే ఆకు తిరగేసి పురుగుల్ని ఏరేస్తే సరి. పేనుబంక పడితే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రంపూట చల్లండి. నాలుగైదు రోజులాగి, బాగా కడిగి వండుకోండి.

ఒకటి రెండు మొక్కల్ని విత్తనానికి వదిలేయడం మరిచిపోకండి. ఎండిన కంకుల్ని నలిపి చేటలో చెరగడం మా ఇంట్లో అత్తగారి వంతు. తోటకూర పొట్లం కొని మాకు మూడేళ్లయింది.