పంది మీదికి ఎంత బరువు గుండు?

పంటను పాడుచేసే అడవి పందిని కాల్చడానికి అటవీ శాఖ అనుమతి వచ్చాక కూడా దమ్మపేట రైతు ముందు ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. వచ్చే షూటరు తుపాకిలో ఎంత బరువు గుండు ఉండాలి? అది షూటరు చూసుకుంటాడులే అని వదిలేయడానికి వీల్లేదు. ఆ గుండు పేలేది రైతు చేలో. చేను పక్కన మనుషులు పడుకునే పాక ఉండొచ్చు, కట్టేసిన గొడ్లు ఉండొచ్చు. గుండు సరిపోక దెబ్బతో పారిపోయిన పంది తెల్లారి ఎదురుపడేది కూలికొచ్చిన ఆడవాళ్ళకే.

దమ్మపేట మండలానికి ఒక పక్క అశ్వారావుపేట, ఇంకో పక్క సత్తుపల్లి, ఆ పైన ఆంధ్ర సరిహద్దు. ఎటు చూసినా పామాయిల్ తోటలే. అప్పారావుపేటలో ఆయిల్‌ఫెడ్ మిల్లు కూడా ఉంది. తోటల వెనకే అడవి, ఆ అడవిలో పూసుకుంట లాంటి కొండరెడ్ల పల్లెలు. పామాయిల్ మొక్క లేతగా ఉన్న మొదటి రెండు మూడేళ్ళలో పందులు మొదలు తవ్వి మొవ్వు తినేస్తాయి. మొవ్వు పోతే మొక్క పోయినట్టే. మొక్కజొన్న చేలో మంద దిగితే తిన్నదానికంటే తొక్కి పడేసిందే ఎక్కువ. ఆ కడుపుమంటతోనే కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. అది నేరం. పైగా ఆ తీగకు పందికీ మనిషికీ తేడా తెలియదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్‌లో దారి ఉంది. మనుషుల ప్రాణాలకో నిలిచిన పంటకో ముప్పుగా మారిన జంతువును వేటాడటానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. అంతకు మించి, అనుమతి లేకుండా కాల్చే ఏ గుండు గురించీ ఇక్కడ మాట్లాడటం లేదు.

గుండు బరువు మీద వాదం మన దగ్గర పుట్టింది కాదు. అమెరికా పడమటి కొండల్లో ఎల్క్ అనే పెద్ద జింకను వేటాడేవాళ్ళ మధ్య ఇది దాదాపు వందేళ్ళుగా నడుస్తోంది. ఐడహో రాష్ట్రానికి చెందిన ఎల్మర్ కీత్ బరువు గుండు పక్షం. గుండు బరువు కొలిచే లెక్కలో 250 గ్రెయిన్లు, ఆ పైన ఉన్న గుండే ఎల్క్‌కు తగినదని జీవితమంతా రాశాడు. 'అవుట్‌డోర్ లైఫ్' పత్రికలో తుపాకుల శీర్షిక నడిపిన జాక్ ఓ'కానర్ తేలిక గుండు పక్షం. 1925లో వచ్చిన పాయింట్ 270 వించెస్టర్ రైఫిల్ తూటాకు అంత పేరు రావడానికి ఆయన రాతలే ముఖ్య కారణం. అందులో ఎక్కువగా వాడే గుండు 130 గ్రెయిన్లు, అంటే ఎనిమిదిన్నర గ్రాములకు కాస్త తక్కువ. గురి కుదిరితే అది చాలన్నాడు. ఇద్దరూ వేల మైళ్ళు అడవుల్లో తిరిగినవాళ్ళే, ఎవరిదీ గాలి మాట కాదు.

లెక్క వేసి చూస్తే ఇద్దరి మాటా ఎక్కడ నిలుస్తుందో తెలుస్తుంది. ఓ'కానర్ గుండు సెకనుకు 930 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది, దాని శక్తి 3,600 జౌళ్ళు దాటుతుంది. మన దేశంలో లైసెన్సుదారుల దగ్గర కనిపించే పాయింట్ 315 రైఫిల్ గుండు 244 గ్రెయిన్లు, అంటే దాదాపు 16 గ్రాములు. వేగం సుమారు 600 మీటర్లు. శక్తి 2,800 జౌళ్ళ దగ్గరే ఆగుతుంది. శక్తిలో తేలిక గుండుదే పైచేయి. కానీ బరువును వేగంతో హెచ్చవేసి వచ్చే ఊపు చూస్తే 315 గుండు ముందుంటుంది. శక్తి గుండును విచ్చుకునేలా చేసి కండను చీలుస్తుంది. ఊపు దాన్ని ఎముక దాటించి లోపలికి తోస్తుంది. జంతువు చావడానికి రెండూ కావాలి.

స్వీడన్ చట్టం ఈ సంగతిని గుర్తించింది. అక్కడ మూస్ అనే పెద్ద జింకను కాల్చాలంటే గుండు కనీసం 9 గ్రాములుండి 100 మీటర్ల దగ్గర 2,700 జౌళ్ళ శక్తి మిగలాలి. 10 గ్రాములు, ఆ పైన ఉంటే 2,000 జౌళ్ళు చాలు. బరువు తగ్గితే ఆ లోటు వేగంతో పూడ్చు అన్నమాట. కీత్‌నూ ఓ'కానర్‌నూ ఒకే వాక్యంలో కూర్చోబెట్టిన ఆ నిబంధన నాకు నచ్చింది.

ఇక మన పంది దగ్గరికొద్దాం. ఎదిగిన మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది. మన మగపంది వంద కిలోల అటూ ఇటూ. ఆ లెక్కన తేలిక గుండే చాలనిపిస్తుంది. కానీ ముదురు మగపంది జబ్బల మీద చర్మం కింద గట్టి కణజాల కవచం ఉంటుంది, తమలో తాము కోరలతో కొట్టుకున్నప్పుడు కాచుకోవడానికి. మెత్తటి మొన ఉన్న తేలిక గుండు మరీ వేగంగా తగిలితే ఆ కవచంలోనే ముక్కలై, ఊపిరితిత్తులు చేరకుండా ఆగిపోయే ప్రమాదం ఉంది. బ్రిటిష్ కొలంబియాలో మూస్ వేటకు వెళ్ళిన జాన్ నాస్లర్‌కు 1946లో ఎదురైన ఇబ్బంది ఇదే. గుండు మధ్యలో అడ్డుగోడ పెట్టి, ముందు సగం విచ్చుకున్నా వెనక సగం చెక్కుచెదరకుండా ఉండే రకాన్ని ఆయన తయారుచేసింది ఆ తర్వాతే. పైగా మన షూటరుకు పంది నిలకడగా పక్కకు తిరిగి నిలబడదు. రాత్రి, లైటు వెలుగులో, ఏటవాలుగా, కదులుతూ ఉంటుంది. ఇలాంటప్పుడు లోతుకు వెళ్ళే బరువు గుండే నమ్మకం. జంతువు వైపు నుంచి చూస్తే కీత్ మాటే నిజం: చంపక తప్పనప్పుడు ఒక్క దెబ్బకు పోవాలి.

మనుషుల వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. లోతుకు వెళ్ళే గుండు పందిలోంచి బయటికీ వెళ్తుంది. మైదానం లాంటి తోటలో దాన్ని ఆపడానికి గట్టు ఉండదు, పామాయిల్ చెట్ల వరసల మధ్య ఖాళీ దారే ఉంటుంది. తేలిక గుండు లోపలే విచ్చిపోయి ఆగే అవకాశం ఎక్కువ. అది వెనక్కి తన్నేది కూడా తక్కువ కాబట్టి, ఏడాదికి నాలుగు తూటాలు కూడా కాల్చని చేతికి గురి తప్పే అవకాశం తక్కువ. ఓ'కానర్ వాదంలో నాకు అన్నిటికంటే బరువుగా కనిపించేది ఇదే. భుజానికి తగిలే దెబ్బకు భయపడి కళ్ళు మూసుకునేవాడి చేతిలో ఎంత బరువు గుండైనా దండగే.

అయితే అమెరికా షూటరు ఒకే రైఫిల్‌కు 150 నుంచి 220 గ్రెయిన్ల దాకా రకరకాల తూటాలు దుకాణంలో ఎంచుకుంటాడు. మనకు 315లో దొరికేది మామూలుగా ఒకే బరువు. కాబట్టి ఇక్కడ ఎంచుకోవాల్సింది 315కూ పన్నెండు బోరు తుపాకికీ మధ్య. పన్నెండు బోరు ఒకేసారి పలు గుండ్లు చిమ్ముతుంది. వాటిలో ఎల్‌జీ అనే రకం గుండ్లు ఔన్సుకు ఆరు, ఎస్‌జీ రకమైతే ఎనిమిది. అంటే ఒక్కో ఎల్‌జీ గుండు 70 గ్రెయిన్ల పైచిలుకు. గుండ్రటివి కాబట్టి త్వరగా వేగం కోల్పోతాయి, రైఫిల్ గుండంత దూరం పోవు. అది ఊరికి మేలు. కానీ ముప్పై మీటర్లు దాటితే చెదిరిపోయి, ఒకటో రెండో తగిలి పంది బతికి పారిపోతుంది. ఆ గాయంతో అది కుళ్ళి చావడం పాపం, ఆ కోపంతో మనిషి మీద పడటం ప్రమాదం.

బరువు ప్రశ్నకు సగం జవాబు మంచెలో ఉంది. నాలుగు మీటర్ల ఎత్తు మంచె మీద నుంచి పాతిక మీటర్ల దూరంలోని పందిని కాలిస్తే, దాన్ని దాటి వెళ్ళిన గుండు సుమారు మూడు మీటర్లలో నేలలో దిగాలి. అదే గుండు నేల మీద కూర్చుని, పంది ఎత్తుకు కాస్త పైనుంచి కాలిస్తే పదుల మీటర్లు పోతుంది. తక్కువ కోణంలో నేలను తాకి తుళ్ళితే ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. రాళ్ళ నేలలో, ఎండకు గట్టిపడిన నేలలో మంచె మీద నుంచి కూడా ఆ భయం పూర్తిగా పోదు. అందుకే మంచె ఎక్కడ వేయాలో పగలే చూసుకోవాలి, మెత్తటి దుక్కి వైపు కాల్చేలా. మిగతా సగం జవాబు దూరంలో ఉంది. బాణంతో వేటాడేవాడికి దగ్గరికి చేరడమే సగం పని. తుపాకి వచ్చాక మనం ఆ సగం పని మానేశాం.

నా తీర్పు ఇది. మంచె ఉండి, దూరం పాతిక ముప్పై మీటర్లు మించకుండా, గుండు వెళ్ళే దిక్కున ఇల్లూ పాకా లేకపోతే 315లో మెత్తటి మొన ఉన్న బరువు గుండే వాడాలి. జబ్బ వెనక, ముందు కాలికి కాస్త పైన గురి పెట్టాలి. మొన మొత్తం గట్టి తొడుగున్న గుండు వద్దే వద్దు, అది చంపకుండా దూసుకుపోతుంది. మంచె లేకపోతే రైఫిల్ బయటికి తీయకూడదు. అప్పుడు పన్నెండు బోరు, ఎల్‌జీ, పాతిక మీటర్ల లోపు. ఆ దూరానికి పంది రాకపోతే ఆ రాత్రికి కాల్పు లేదు, అంతే. దెబ్బతిన్న పంది పారిపోతే తెల్లారాక దాన్ని వెతికి పని ముగించే బాధ్యత కూడా షూటరుదే కావాలి.

అనుమతి ఇచ్చే అధికారులకు ఒక విన్నపం. షూటరు పేరు, తేదీ, సర్వే నంబరుతో పాటు ఏ తుపాకి, ఏ తూటా, ఎంత దూరం, మంచె ఎక్కడ అన్న నాలుగు సంగతులూ ఆ కాగితం మీద రాయండి. స్వీడన్ ఒక జింక కోసం గుండు బరువును గ్రాముల్లో చట్టంలో రాసుకుంది. మన చేలల్లో మనుషులు పడుకుంటారు, మన కాగితం మీద అది ఇంకా ముందుగా ఉండాలి.