ఎంత పోశామని కాదు... ఎంత నిలిచిందన్నదే లెక్క!

"మెకానికల్ చదివారు కదా... టూ స్ట్రోక్ బండికి టర్బో పెడితే పవర్ పెరుగుతుందా?"

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఎదురైందనుకోండి. మీరేమంటారు? చాలామంది క్షణం కూడా ఆలోచించకుండా 'పెరుగుతుంది సర్' అనేస్తారు. గాలి ఎక్కువ పంపితే ఇంధనం ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది... పుస్తకంలో ఉన్నది అదే కదా! అప్పుడు ఎదురుగా కూర్చున్నాయన చిన్నగా నవ్వి ఇంకో ప్రశ్న వేస్తారు. "మీరు పంపిన గాలి లోపలే ఉంటుందని ఎవరు చెప్పారు?"

అక్కడ నోరు పెగలకపోతే పోయేది ఒక్క ఉద్యోగమే కాదు. నాలుగేళ్ల చదువు మీద మనకున్న నమ్మకం కూడా కదులుతుంది. అందుకే ఈవారం ఈ ప్రశ్ననే పట్టుకుందాం. మీది మెకానికల్ కాకపోయినా చదవండి. చివరికొచ్చేసరికి ఇది బండి గురించి మాత్రమే కాదని మీకే తెలుస్తుంది.

తలుపు తీసి ఉన్న గది

యమహా ఆర్ఎక్స్ 100 మీకు తెలియనిది కాదు. 1985లో వచ్చి 1996లో ఉత్పత్తి ఆగిపోయినా, మన ఊళ్లలో ఇప్పటికీ దాని మోత వినపడితే తల తిప్పి చూస్తాం. 98 సీసీ ఇంజిన్, 11 హార్స్‌పవర్. దాని సిలిండర్ విప్పి చూస్తే ఫోర్ స్ట్రోక్‌లో ఉండే వాల్వులు కనిపించవు. గోడకు కిటికీల్లాంటి రంధ్రాలుంటాయి. అవే పోర్టులు. పిస్టన్ కిందికీ పైకీ కదులుతూ తానే వాటిని తెరుస్తుంది, తానే మూస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ పోర్టు పైన ఉంటుంది. కొత్త మిశ్రమం వచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టులు దానికంటే కాస్త కిందుంటాయి. కాబట్టి ఎగ్జాస్ట్ ముందుగా తెరుచుకుంటుంది, చివరగా మూసుకుంటుంది. కొత్త మిశ్రమం లోపలికి వస్తున్నంతసేపూ వెనక తలుపు బార్లా తీసే ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ పోర్టులు మూసుకున్నాక కూడా కాసేపు తెరిచే ఉంటుంది.

ఇలాంటి ఇంజిన్‌కు ముందునుంచి బ్లోయర్ పెట్టి గాలిని దట్టిస్తే ఏమవుతుంది? వచ్చిన మిశ్రమంలో చాలా భాగం మండకుండానే సైలెన్సర్ దారి పడుతుంది. పెట్రోలు ఖర్చవుతుంది, పొగ పెరుగుతుంది, బలం మాత్రం పెట్టిన ఖర్చుకు తగ్గట్టు పెరగదు. చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. బిందెతో పోసినా, పంపు పెట్టి పోసినా కుండ నిండదు.

తలుపు సంగతి చూసినవాళ్లే గెలిచారు

అలాగని టూ స్ట్రోక్‌కు సూపర్‌చార్జింగ్ అస్సలు పనికిరాదని చెప్పేస్తే అదీ తప్పే. పనిచేయించినవాళ్లున్నారు. వాళ్లు ఏం చేశారో చూడండి.

1930లలో జర్మనీలోని చోపావ్ పట్టణంలో డీకేడబ్ల్యూ కంపెనీ రేసు బళ్లు తయారుచేసేది. గాలిని దట్టించడానికి అదనంగా ఒక పంపు పిస్టన్ పెట్టారు. అయితే అంతటితో ఆగలేదు. ఒకే దహన గదికి రెండు పిస్టన్లు అమర్చారు. ఒకటి ఎగ్జాస్ట్ పోర్టును, రెండోది ట్రాన్స్‌ఫర్ పోర్టును చూసుకునేవి. రెండూ కాస్త ముందువెనకలుగా కదలడంతో ఎగ్జాస్ట్ తలుపును త్వరగా మూసే వీలు కలిగింది. ఆ బండి మీదే ఎవాల్డ్ క్లుగె 1938లో ఐల్ ఆఫ్ మ్యాన్ లైట్‌వెయిట్ టీటీ రేసు గెలిచాడు.

విశాఖ రేవుకొచ్చే భారీ సరకు ఓడలను చూసే ఉంటారు. వాటిలో చాలావాటిని నడిపేది నిమిషానికి వంద చుట్లకు అటూఇటుగా తిరిగే టూ స్ట్రోక్ డీజిల్ ఇంజిన్లే. వాటికి టర్బోలు ఉంటాయి, చక్కగా పనిచేస్తాయి. కారణం? ఎగ్జాస్ట్‌కు పైన విడిగా వాల్వు ఉంటుంది. దాన్ని ఎప్పుడు మూయాలో పిస్టన్ చేతిలో లేదు, డిజైనర్ చేతిలో ఉంది. పైగా డీజిల్‌ను చిమ్మేది ఆ తలుపు మూసుకున్నాకే. కాబట్టి బయటికి జారితే గాలే తప్ప ఇంధనం కాదు.

మరో ఉదాహరణ మంచుదేశాలది. స్కీ-డూ సంస్థ 2020 మోడల్‌గా 850 సీసీ టూ స్ట్రోక్ స్నోమొబైల్‌ను ఫ్యాక్టరీలోనే టర్బో బిగించి అమ్మింది. ఎత్తయిన కొండల మీద గాలి పలచబడి ఇంజిన్ నీరసిస్తుంది కదా, ఆ లోటు పూడ్చడమే ఆ టర్బో ముఖ్యమైన పని. టర్బైన్ పొగ దారిలో కూర్చుని కాస్త అడ్డం పడుతుంది కాబట్టి బయటివైపు కూడా ఒత్తిడి పెరుగుతుంది. లోపలిది ఊరికే జారిపోదు. ఇంధనాన్ని నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఏర్పాటూ ఉంది.

మూడు చోట్లా ఒకటే సూత్రం. ముందు బయటికెళ్లే దారి సంగతి తేల్చారు. తర్వాతే లోపలికి దట్టించారు.

పంపు లేకుండానే...

యుద్ధం ముగిశాక 1946లో అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య రేసుల్లో సూపర్‌చార్జింగ్‌ను నిషేధించింది. పంపు పెట్టే దారి మూసుకుపోయింది. ఇక టూ స్ట్రోక్ పని అయిపోయిందనే అనుకోవాలి. కానీ అదే చోపావ్‌లో, అప్పటికి తూర్పు జర్మనీలో ఎంజెడ్‌గా మారిన కంపెనీలో, వాల్టర్ కాడెన్ అనే ఇంజినీరు దృష్టి ఇన్‌టేక్ మీద కాక సైలెన్సర్ మీద పడింది.

ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకోగానే ఒత్తిడి అల ఒకటి పైపులో దూసుకెళ్తుంది. పైపు క్రమంగా వెడల్పయితే ఆ అల వెనక్కి తిరిగొచ్చేటప్పుడు పీల్చే అలగా వస్తుంది, పాత పొగను లాగేసి కొత్త మిశ్రమాన్ని రప్పిస్తుంది. పైపు మళ్లీ సన్నబడిన చోట తగిలి వచ్చే అల నెట్టే అల. అది సరిగ్గా పోర్టు మూసుకునే ముందు చేరిందా, బయటికి జారిన కొత్త మిశ్రమాన్ని తిరిగి సిలిండర్లోకి తోసేస్తుంది. మధ్యలో లావుగా, రెండు చివరలా సన్నగా ఉండే ఆ పైపే ఎక్స్‌పాన్షన్ ఛాంబర్. ఈ ఆలోచన కాడెన్‌కు ముందూ ఉంది. దాన్ని కొలిచి, సరిచేసి, రేసు గెలిచే స్థాయికి తెచ్చింది ఆయన.

1961లో ఆయన 125 సీసీ ఇంజిన్ నిమిషానికి 10,800 చుట్ల దగ్గర 25 హార్స్‌పవర్ ఇచ్చింది. లీటరుకు లెక్కేస్తే 200. పంపు లేదు, టర్బో లేదు. ఆ వేగంలో ఒక చుట్టుకు పట్టేది సుమారు 5.5 మిల్లీసెకన్లు. ఎగ్జాస్ట్ తలుపు తెరిచి ఉండేది అందులో సగానికి కాస్త పైన, అంటే మూడు మిల్లీసెకన్లు. ఆ కాస్త వ్యవధిలో వెళ్లిన అల తిరిగి రావాలి. అంత కచ్చితమైన లెక్క అది!

అదే ఏడాది స్వీడన్ రేసు సమయంలో ఎంజెడ్ రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ పశ్చిమానికి పారిపోయి సుజుకీలో చేరాడు. మరుసటి ఏడాదే, 1962లో, సుజుకీకి 50 సీసీ ప్రపంచ టైటిల్ వచ్చింది. ఆ పని తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. అయితే సుజుకీకి అందింది రేకు పైపు కాదు. ఆ పైపు ఆ ఆకారంలోనే ఎందుకుండాలో తెలిసిన జ్ఞానం. మార్కెట్‌లో విలువ ఎప్పుడూ దానికే.

మరి నైట్రస్?

సినిమాల్లో హీరో బటన్ నొక్కగానే బండి రాకెట్‌లా దూసుకెళ్తుంది. ఆ సీసాలో ఉండేది నైట్రస్ ఆక్సైడ్. ఆస్పత్రుల్లో మత్తుకు వాడే వాయువే. అది తనంతట తాను మండదు. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది. బరువు ప్రకారం గాలిలో ఆక్సిజన్ 23 శాతమైతే ఇందులో 36 శాతం. పంపుతో దట్టించే పని లేకుండా ఆక్సిజన్ పెరుగుతుంది కాబట్టి తెరిచిన తలుపు సమస్య ఇక్కడ అంతగా బాధించదు. అందుకే డ్రాగ్ రేసుల్లో టూ స్ట్రోక్‌లకూ దీన్ని వాడతారు.

అయితే దీనికీ ఓ ధర ఉంది. ఆక్సిజన్ పెరిగినంత మేర ఇంధనమూ పెరగాలి. తగ్గిందంటే వేడి అదుపు తప్పి పిస్టన్‌కు చిల్లు పడుతుంది, లేదా ఇంజిన్ పట్టేస్తుంది. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ ఒక మంట. పిస్టన్‌కు చల్లబడే విరామం తక్కువ.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. వాయువులో ధ్వని వేగం పరమ ఉష్ణోగ్రత వర్గమూలాన్ని బట్టి మారుతుంది. ఇంటర్‌లో చదివిందే! పైపులో పొగ సగటు ఉష్ణోగ్రత 800 కెల్విన్ నుంచి 900కు పెరిగిందనుకోండి. అల వేగం సుమారు 6 శాతం పెరుగుతుంది. 10,000 చుట్లకు సరిపోయేలా చేసిన పైపు ఇప్పుడు 10,600 దగ్గర పనిచేస్తుంది. అంటే సీసా బిగించింది ముందువైపు, లెక్క తప్పింది వెనకవైపు. ఒకచోట చేయి పెడితే ఇంకోచోట ఏం కదులుతుందో ఊహించగలవాడే ఇంజినీరు.

(సరదాకి కూడా దీన్ని రోడ్డు మీద ప్రయత్నించకండి. బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది. చట్టం సంగతి అలా ఉంచినా, ప్రాణం మీదే కదా!)

ఇప్పుడు మీ సంగతి

డిగ్రీ అయిపోతోంది, కాల్ లెటర్ రావట్లేదు. పక్క రూమ్ అబ్బాయి ఏదో కోర్సులో చేరాడు. మీరూ చేరారు. తర్వాత ఇంకోటి, ఆపై ఇంకోటి. ఇంటి దగ్గర నాన్నగారు అప్పు చేసి ఫీజు కట్టారు. రెజ్యుమేలో ఏడు సర్టిఫికెట్లు చేరాయి. ఇంటర్వ్యూలో వాటిలో మొదటిదాని గురించి రెండు ప్రశ్నలు అడిగితే మూడో వాక్యం రాదు. ఇది బ్లోయర్ బిగించిన టూ స్ట్రోక్ కాక మరేమిటి?

తప్పంతా మీదేనని మేం అనం. పరీక్ష ముందు రాత్రి పోసుకుని, హాల్లో వంపేసి వచ్చే పద్ధతిని మీకు అలవాటు చేసింది మన చదువులే. ప్రాజెక్టును డబ్బులిచ్చి కొనుక్కుంటున్నా చూసీచూడనట్టు వదిలేసే కాలేజీలకూ ఇందులో వాటా ఉంది. కానీ ఇంటర్వ్యూ గదిలో కూర్చునేది మీరొక్కరే.

కోర్సులు వద్దని కూడా మేం చెప్పడం లేదు. దరఖాస్తుల వడపోతలో సర్టిఫికెట్‌కు విలువ ఉంది. చెప్పేదల్లా ఒకటే. కొత్తది పోసే ముందు పాతది ఎక్కడ జారిపోతోందో చూడండి. దానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. వారానికో పాత సబ్జెక్టులోంచి ఒక్క అంశం తీసుకోండి. మీ బ్రాంచి కాని స్నేహితుడికి పది నిమిషాలు తెలుగులో వివరించండి. ఎక్కడ తడబడ్డారో అక్కడే మీ తలుపు తెరిచి ఉంది. ఆ వారం దాన్ని మూయండి. కొత్త కోర్సు తర్వాత.

ప్రాజెక్టు చేయాల్సినవాళ్లకు ఓ సూచన. మెకానిక్ షెడ్డులో మూలపడి ఉన్న పాత టూ స్ట్రోక్ ఇంజిన్ ఒకటి అడిగి తెచ్చుకోండి. గైడ్‌ని పక్కన పెట్టుకుని, క్రాంక్‌కు డిగ్రీల చక్రం ఒకటి అంటించి, ఏ పోర్టు ఏ కోణం దగ్గర తెరుచుకుంటోందో, ఏ కోణం దగ్గర మూసుకుంటోందో రాసుకోండి. పైపు పొడవు ఎంతుంటే ఏ వేగానికి సరిపోతుందో లెక్కేయండి. మీ అంచనాకీ, అసలు పైపుకీ తేడా ఎందుకొచ్చిందో ఒక పేజీ రాయండి. కొన్న 'అడ్వాన్స్‌డ్' ప్రాజెక్టు కంటే మీరు కొలిచిన ఆ ఒక్క పేజీ మీ తరఫున ఎక్కువ మాట్లాడుతుంది.

టూ స్ట్రోక్ కాలం చెల్లింది కదా, ఇదంతా ఎందుకంటారా? ఓడల్లో చెల్లలేదు. మెకానికల్ పట్టభద్రులు డీజీ షిప్పింగ్ ఆమోదించిన సంస్థల్లో ఏడాది గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీరింగ్ కోర్సు చేసి ఆ ఇంజిన్ల దగ్గరికే వెళ్లొచ్చు. విద్యుత్ వాహనాల కంపెనీకి వెళ్లినా బ్యాటరీ వేడి ఎటు పోతోందన్న ప్రశ్న తప్పదు. యంత్రం మారుతుంది, అడగాల్సిన ప్రశ్న మారదు.

మళ్లీ మొదటి ఇంటర్వ్యూకి వెళ్దాం. "టూ స్ట్రోక్ బండికి టర్బో పెడితే పవర్ పెరుగుతుందా?" ఈసారి తొందరపడకండి. "ఎగ్జాస్ట్ తలుపు ఎప్పుడు మూసుకుంటుంది సర్?" అని అడగండి. అవతలి కుర్చీలో ఉన్నాయన ముందుకు వంగి కూర్చుంటారు. అసలు సంభాషణ అక్కడినుంచే మొదలవుతుంది.