మనస్సు బల్లను కదల్చునా?

కొంతకాలము క్రిందట ఒక విద్యార్థి సాయంకాలమున నాయొద్దకు వచ్చి కన్నీటితో ఇట్లనెను: “అయ్యగారూ, కోపములో మా తమ్ముడు పడిపోవలెనని తలచితిని. మరునాడే వాడు చెట్టుమీదనుండి పడి చేయి విరుగగొట్టుకొనెను. నా తలంపే వానిని పడద్రోసినదా?” అట్టి భయమును లోలోపల మోయువారు మరికొందరుండవచ్చును గనుక, నాడు వానికి చెప్పిన యుత్తరమునే ఇచ్చట వ్రాయుచున్నాను.

1853వ సంవత్సరమున ఇంగ్లాండులో ఒక వింత వేడుక ప్రబలెను. కొందరు బల్లచుట్టు కూర్చుండి, దానిపై చేతులుంచి వేచియుండగా, బల్ల తనంతట తానే తిరుగుచున్నట్లుండెను. ప్రేతాత్మలని కొందరు, విద్యుచ్ఛక్తియని కొందరు వాదించిరి. దైవభక్తుడును మహాశాస్త్రజ్ఞుడునైన మైకేల్ ఫారడే వాదింపక పరీక్షింపబూనెను. చేతులకును బల్లకును నడుమ అట్టలను మెత్తని జిగురుతో ఒకదానిపై నొకటి అమర్చెను. బల్లయే ముందు కదలినయెడల క్రింది అట్టలును, చేతులే త్రోసినయెడల పై అట్టలును ఎక్కువగా జరుగవలెను. పై అట్టలే ఎక్కువగా జరిగెను. పిమ్మట చేతుల త్రోపుడును తెలుపు సూచికను వారి కన్నుల యెదుట నుంచగా, బల్ల కదలుట మానెను. వారు మోసగాండ్రు కారు. తాము త్రోయుచున్నట్లు తామే యెరుగరైరి.

ఈ ప్రశ్న అంతటితో ముగియలేదు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున రాబర్ట్ జాన్ అను ఆచార్యుడు 1979లో ఒక ప్రయోగశాలను స్థాపించెను. యంత్రమునుండి వరుస లేక వెలువడు అంకెలను మనుష్యుని సంకల్పము ఒకప్రక్కకు మరల్చగలదా యని అచ్చట 2007 వరకు పరీక్షించిరి. అత్యల్పమైన భేదము కనబడినదని వారు ప్రకటించిరి. కాని మూడు ప్రయోగశాలలు కలసి ఆ ప్రయత్నమునే మరల చేయగా, 2000వ సంవత్సరమున వెలువడిన ఫలితములలో ఆ భేదము నిలువలేదు.

అట్లయిన తలంపు నిష్ఫలమా? కానేకాదు. బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643లో ఫ్రెంచి తత్త్వవేత్తయగు డేకార్ట్‌కు లేఖ వ్రాసి, ఆత్మ శరీరమునెట్లు కదల్చునని ప్రశ్నించెను. ఆ చిక్కు నేటికిని పూర్తిగ విడలేదు. అయినను తలంపు నడచు త్రోవ మనమెరిగినదే: మెదడునుండి నరములకు, నరములనుండి కండలకు, అచ్చటనుండి చేతికిని నాలుకకును. ఆ త్రోవ విడచి తలంపు ఎవ్వరి చెట్టుకొమ్మను విరువజాలదు.

కాబట్టి ఆ బాలునితో, “నాయనా, తమ్ముని పడద్రోసినది నీవు కావు, ఆ భారము దించుకొనుము. అయినను ఆ కోపమును మాత్రము దాచుకొనకుము” అంటిని. ఏలయన, ఫారడే బల్లయొద్ద కూర్చున్నవారివలె మనమును ఎరుగకయే త్రోయుచుందుము. మనస్సున నిలుపుకొన్న ద్వేషము ఒకనాడు కఠినమైన మాటగ, చేయవలసియు చేయని సహాయముగ బయలుపడును. ప్రేమయు అట్లే. మన హృదయములో నేమున్నదో తెలియగోరుదుమా? మన చేతులను కనిపెట్టుదము. అవియే మనకు సూచిక.

తమ్ముని చేయి నయమగువరకు ఆ బాలుడు వాని పుస్తకముల సంచిని తానే బడికి మోసెను. మనస్సు లోకమును కదల్చునా యని నన్నెవరైన నడిగినయెడల, నేను ఆ సంచినే చూపుదును.